ఏ నేరము వార్త యగును?

నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో ఉదయము పత్రిక తెరచువారికిని, రాత్రి టీవీ యెదుట కూర్చుండువారికిని ఒక అనుభవము సామాన్యము. కొన్ని నేరములు నెలలకొలది మన ఇండ్లలో కాపురముండును. ఆ నిందితుల ముఖములు మన దగ్గరి చుట్టముల ముఖములంత పరిచితములగును. మరికొన్ని నేరములు జిల్లా పుటలో నాలుగు పంక్తులై, మరునాటికి బజారులో పొట్లపు కాగితములగును. ఆ నాలుగు పంక్తులకైనను నోచుకొననివి ఇంకను కలవు. ఈ తారతమ్యము నేరము ఎంత ఘోరమైనదో దానినిబట్టి ఏర్పడుచున్నదని మనము తలంచుచుందుము. అది నిజము కాదు. అందుకు నిదర్శనము వెదకుటకు దూరదేశములకు పోవలసిన పనిలేదు. 2015 మొదలు కొన్ని సంవత్సరములలో ఈ రెండు పాత జిల్లాలలో జరిగినవే చాలును.

పాత జిల్లాలని ఏల అంటిమన, 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణములో జిల్లాల విభజన జరిగినది. నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, మహబూబ్‌నగరమునుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును ఏర్పడినవి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వేరు జిల్లా అయినది. మేము పాత ఎల్లలనే దృష్టిలో నుంచుకొని చెప్పుచున్నాము. మరియొక మాట. ఈ ప్రసంగములో హతుల పేర్లుగాని, నిందితుల పేర్లుగాని చెప్పబోము. కొన్నిటిని చెప్పుట చట్టవిరుద్ధము. తక్కినవి చెప్పకున్నను విషయము బోధపడును.

ముందుగా ఒక గ్రామమును గూర్చి చెప్పవలసియున్నది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలములో హాజీపూర్ అను చిన్న ఊరు కలదు. అది రాజధానీ నగరపు అంచునకు ఎంతో దూరము కాదు. 2019 ఏప్రిల్ 25వ తేదీన అక్కడి పదునాలుగేండ్ల విద్యార్థిని ఒకతె బడినుండి ఇల్లు చేరలేదు. మరునాడు వెదకగా పాడుపడిన వ్యవసాయపు బావిలో ఆమె దేహము కనబడెను. పోలీసులు ఆ ఊరి యువకు నొకనిని పట్టుకొని విచారింపగా, ఆ యేడే మార్చిలో కనబడకపోయిన మరియొక యువతియు, 2015 ఏప్రిల్‌లో కనబడకపోయిన పొరుగూరి పదకొండేండ్ల బాలికయు అతని చేతనే హతులైనట్లు తెలిసినది. వారి అవశేషములు కూడ ఆ చుట్టుపట్ల బావులనుండియే వెలికివచ్చినవి. 2020 ఫిబ్రవరి 6వ తేదీన నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానము ఆ నేరములను నిర్ధారించి అతనికి మరణశిక్ష విధించెను.

2015నుండి 2019 వరకు నాలుగు సంవత్సరములు. ఆ నాలుగేండ్లును ఒక పిల్ల ఇంట లేదు. ఆ సంగతి రాష్ట్రప్రజల చెవిని పడలేదు. 2019 మార్చిలో రెండవ అమ్మాయి ఇంట లేకుండుటయు అట్లే గడచిపోయినది. మూడవ బాలిక దేహము దొరికిన పిమ్మట మాత్రము టీవీ సంస్థల వాహనములు ఆ ఇరుకు బాటలో బారులు తీరినవి. బావిలోనికి త్రాడు దిగుచుండగా తీసిన దృశ్యములు ఇంటింట కనబడినవి. అప్పటికి చూపుటకు ఏదో ఒకటి దొరికినది. అంతకు ముందున్నది లేమి మాత్రమే. లేనిదానిని కెమెరా చూపజాలదు గదా!

పిల్ల కనబడకుండుట ఏల వార్త కాదో ఆలోచింపదగినది. మన పల్లెలలో ఈడువచ్చిన పిల్ల సాయంకాలమునకు ఇల్లు చేరకపోయినచో మొదట పుట్టు మాట, ‘ఎవనితోనో పోయినది’ అని. తల్లిదండ్రులు ఈ మాటకు భయపడి ఒకటి రెండు దినములు గుట్టుగా వెదకికొందురు. స్టేషనువారికి ఆ మాట సుఖముగా నుండును, దానితో వెదకు భారము సగము తగ్గును. విలేఖరి వ్రాయకుండుటలో మాత్రము కొంత సద్భావము కూడ కలదని మేము ఒప్పుకొందుము. రేపు పిల్ల తిరిగివచ్చినచో పత్రికలో పడిన పేరు పెండ్లినాటి వరకు వెన్నాడునని అతని శంక. ఇట్లు ఒకరి భయము, ఒకరి సుఖము, ఒకరి దయ కలసి ఒక పెద్ద మౌనమగును. హంతకునికి కావలసినది అదియే.

హాజీపూర్‌లో మరియొకటి గమనింపవలెను. ఆ ఊరికి బస్సు వసతి సరిగా లేదు. చదువుకొను పిల్లలు దారిన పోవు మోటారు సైకిలును ఆపి, ‘మా ఊరిదాక ఎక్కించుకొను’మని అడుగుట అలవాటై యుండెను. ఆ యువకుడు ఆ అలవాటునే ఆసరా చేసికొనెను. బస్సు లేదను సంగతి ఆ ఊరివారికి ఎన్నడో తెలియును. కాని బస్సు లేకుండుట నేరవార్త కాదు. నేరము బయటపడినంతనే పత్రికలును తెరలును అతనికి ‘సైకో’ అని పేరు పెట్టినవి. ఈ ఒక్క మాట ఎంత పని చేసినదో చూడుడు. అతడు మన లోకపు మనిషియే కాడని తేలిపోయినది. ఇక బస్సును గూర్చి, నిర్జనమైన బాటను గూర్చి, మూత లేని బావులను గూర్చి, నాలుగేండ్లనాటి ఫిర్యాదును గూర్చి అడుగవలసిన అగత్యము లేకపోయినది. అంతకు ముందే కర్నూలులో ఒక స్త్రీ హత్యకేసులో అతడు నిందితుడైయున్నట్లు తరువాత వెల్లడియైనది. ఆ వార్త కృష్ణ దాటి బొమ్మలరామారము వరకు రాలేదు.

రాకపోవుటకు కారణము కలదు. వార్త ఎట్లు ప్రయాణము చేయునో మన శ్రోతలలో చాలమందికి తెలియదు గనుక కొంత వివరింతుము. పత్రికలకు మండలమున కొక విలేఖరి యుండును. వీరిలో అధికసంఖ్యాకులకు నెలజీతమనునది లేదు. అచ్చయిన వార్తకు ముట్టునది అంతంత మాత్రము. ప్రకటనలు సంపాదించినచో వచ్చు కమీషనుతో కాలము గడపువారే ఎక్కువ. అట్టి విలేఖరి కాలినడకన తండాలు, గూడెములు తిరిగి నేరములను కనిపెట్టునని ఆశించుట న్యాయము కాదు. అతని దినచర్య పోలీసుస్టేషనుతో మొదలగును. అక్కడ కాగితము మీద కెక్కినది అతనికి వార్త, ఎక్కనిది పుకారు. అందువలన వార్తలలో ఏ నేరము వచ్చునో నిర్ణయించు మొదటి సంపాదకుడు స్టేషనులో కూర్చుండిన రైటరే యగుచున్నాడు. ఈ మాట కొందరికి కటువుగా దోచవచ్చును.

1980ల చివరినుండి తెలుగు దినపత్రికలు జిల్లాకు వేరు పుటలు వేయుట సాగించినవి. దీనివలన ఎంతో మేలు కలిగినది. పట్టణములకే పరిమితమైయున్న పత్రికలో మారుమూల ఊళ్ల పేర్లు కనబడసాగినవి. కాని ఆ పుటలకు గోడలు కూడ కలవు. దేవరకొండలో జరిగినది నల్లగొండ పుటలో వచ్చును. డిండి వాగు కీవల అచ్చంపేటలోనున్న వానికి అది కనబడదు. ఒకేతీరు నేరము రెండు ఒడ్డులను జరిగినను, ఈ ఒడ్డువానికి ఆ ఒడ్డు సంగతి తెలియదు. ఆ గోడ దాటి రాష్ట్రపు మొదటి పుటకు ఎక్కవలెనన్న, అక్కడినుండి ఢిల్లీ టీవీల కెక్కవలెనన్న, నేరమునకు మరేదో యోగ్యత కావలెను.

ఆ యోగ్యత ఎట్టిదో నాగర్‌కర్నూలు చూపినది. 2017 నవంబరు చివర అక్కడ ఒక గృహిణి తన ప్రియునితో కలసి భర్తను చంపెననియు, ప్రియుని ముఖముపై యాసిడ్ పోసి, అతడే తన భర్తయని అత్తమామలను నమ్మించి హైదరాబాదు దవాఖానలో చేర్పించెననియు పోలీసులు చెప్పిరి. భర్త మాంసాహారి, మంచముమీది మనిషి మటన్ సూపు ముట్టనొల్లడాయెను. ఇంటివారి అనుమానము అక్కడ మొదలైనది. 2014లో వచ్చిన ‘ఎవడు’ అను సినిమాలోని కథకును దీనికిని పోలిక యుండుటచే, దేశమందలి నానా భాషల పత్రికలును దీనిని అందుకొన్నవి. నాగర్‌కర్నూలు ఎక్కడనున్నదో ఎరుగనివారు కూడ ఆ సూపు సంగతి చెప్పుకొనిరి. మనిషి చచ్చుటకంటె సూపు పెద్దదైనది. ఒక సినిమాను పోలినది గనుక వార్తయైనది. వార్తయైనది గనుక మరల సినిమావలెనే చెప్పబడినది. ఆ యేడు ఈ ప్రాంతములోనే తాగుబోతు భర్తల దెబ్బలకు ప్రాణములు విడచిన భార్యల కథలు ఏ సినిమాను పోలలేదు.

మిర్యాలగూడ సంగతి ఇంతకంటె గంభీరమైనది. 2018 సెప్టెంబరు 14వ తేదీన ఒక దళిత యువకుడు గర్భవతియైన భార్యను దవాఖానకు చూపించుకొని బయటికి వచ్చుచుండగా వెనుకనుండి వచ్చిన కిరాయి హంతకుడు నరికి చంపెను. కులాంతర వివాహమును సహింపలేక భార్యయొక్క తండ్రియే కోటి రూపాయలకు ఒప్పందము కుదిర్చెనని పోలీసులు వెల్లడించిరి. దవాఖాన గుమ్మమునందలి సీసీ కెమెరాలో ఆ ఘోరమంతయు నమోదైనది. ఆ కొన్ని క్షణముల దృశ్యము ఎన్ని వందలమార్లు తెరలమీద కనబడినదో లెక్కలేదు. కొందరు ముఖ్యభాగమునకు వలయము గీసి, వేగము తగ్గించి మరీ చూపిరి.

ఈ ప్రచారమువలన మేలు జరుగలేదని మేము అనము. కేసు అణగిపోలేదు. ముద్దాయిలు కొద్ది దినములలోనే పట్టుబడిరి. విచారణ సాగి సాగి, ఆరున్నర యేండ్లకు, 2025 మార్చి 10వ తేదీన నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానము ఒకనికి మరణశిక్షను, ఆరుగురికి యావజ్జీవ కారాగారమును విధించినది. తండ్రి 2020 మార్చిలోనే మరణించియుండెను. అయితే ఆ యువతి అనుభవించినది మరియొక శిక్ష. ఆమె వస్త్రములు, మాటలు, కన్నీరు, కన్నీరు లేకుండుట సమస్తమును పరుల తీర్పునకు పాత్రమైనవి. ఒక దర్శకుడు ఆ సంగతినే సినిమాగా తీయబూనగా, 2020లో హతుని కుటుంబము దానిపై న్యాయస్థానమును ఆశ్రయింపవలసివచ్చెను.

దీని ప్రక్కన ఇంకొక సంగతిని పెట్టి చూడుడు. మిర్యాలగూడ హత్యకు ఏడాదిమీద కొన్ని నెలలకు ముందు, 2017 మేలో, ఆ పాత నల్లగొండ జిల్లాలోనే, ఆత్మకూరు మండలములో ఇట్టిదే జరిగినది. వెనుకబడిన కులపు యువకుడు పైకులపు అమ్మాయిని వివాహమాడెను. అతడు కనబడకుండ పోయెను. కొన్ని దినములకు ఆ అమ్మాయి పుట్టింట మరణించెను. యువకుని తల్లిదండ్రులు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేసి, మా కొడుకును చూపుమని అడిగినపిమ్మటగాని పోలీసుల దర్యాప్తు ముమ్మరము కాలేదు. అమ్మాయి తండ్రి తన పొలములోనే అతనిని చంపించి, దేహమును కాల్చివేసెనని అప్పుడు వెల్లడియైనది. అక్కడ కెమెరా లేదు. దేహమే మిగులలేదు. రెండు నేరములకును మూలమొకటే. ఒకటి ప్రపంచమంతట తెలిసినది. రెండవదానిని నేడు ఆ మండలము వెలుపల జ్ఞాపకముంచుకొన్నవారు ఎందరు?

ఈ సందర్భములో ఒక పదమును గూర్చి మా అభిప్రాయము చెప్పెదము. ఇట్టివానికి పత్రికలు ‘పరువు హత్య’ అని పేరు పెట్టుచున్నవి. ఎవరి పరువు? చంపినవాడు తాను చెప్పుకొను కారణమునే వార్తకు శీర్షికగా నుంచుట వింతగా నున్నది. దొంగ తన దొంగతనమునకు ‘ఆకలి’ అని కారణము చెప్పినంత మాత్రమున మనము ‘ఆకలి దొంగతనము’ అని వ్రాయము. కులహత్య యన్నచో సరిపోవును.

ఇక 2019 నవంబరునకు వత్తము. ఆ నెల 24వ తేదీన కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా లింగాపూర్ మండలములో, ఊరూర తిరిగి చిల్లరసామాను అమ్ముకొని జీవించు ఒక దళిత స్త్రీని ముగ్గురు చెరచి చంపిరి. మూడు దినములకు, 27వ తేదీన, హనుమకొండలో ఒక యువతి తన పుట్టినరోజునాడే ఆ విధముగా హతురాలైనది. అదే రాత్రి శంషాబాదువద్ద టోలు గేటు దాపున ఒక పశువైద్యురాలిని నలుగురు అపహరించి, చెరచి, చంపి, షాద్‌నగరు సమీపమున చటాన్‌పల్లి వంతెన క్రింద కాల్చివేసిరని పోలీసులు ప్రకటించిరి. ఒకే రాష్ట్రము, ఒకే వారము, ఒకే తీరు ఘోరము. మూడవది దేశమును కుదిపివేసినది. రాజ్యసభలో ఒక సభ్యురాలు నిందితులను బహిరంగముగా జనుల కప్పగింపవలెనని పలికినారు. మొదటి రెండును ఎంతో వెనుకబడినవి. ఆసిఫాబాదు స్త్రీకి న్యాయము కావలెనని ఆమె వారు, ఆమె కులపువారు గొంతెత్తి అడిగిన తరువాత, ‘ఈమెను గూర్చి ఏల మాటలాడరు?’ అను ప్రశ్నయే వార్తయై ఆమె పేరు కొంత వినబడినది. 2020 జనవరి 30వ తేదీన ఆదిలాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆ ముగ్గురికి మరణశిక్ష విధించెను.

వైద్యురాలి మరణముపట్ల జనులు పొందిన దుఃఖము కృత్రిమమని మేము చెప్పుట లేదు. విమానాశ్రయమునకు పోవు రహదారి, ఉద్యోగినియైన అమ్మాయి, చెడిపోయిన స్కూటరు, రాత్రి తొమ్మిది గంటల వేళ ఇంటికి చేసిన ఫోను — వీనిలో పట్టణపు ప్రతి కుటుంబమును తన బిడ్డను చూచుకొన్నది. అడవి అంచు గ్రామములో గిన్నెలమూట మోయు స్త్రీలో చూచుకొనలేదు. వార్త వ్రాయువారును, వార్త ఎన్నుకొనువారును, ప్రకటన లిచ్చువారు కోరు పాఠకులును ఇంచుమించు ఒకే తరగతివారగుటయే ఈ భేదమునకు మూలము. దీనికై ఎవరును కుట్ర పన్ననక్కరలేదు.

కాని ఈ కథలో పాలమూరు పాత్ర అంతటితో ముగియలేదు. నిందితులు నలుగురును నారాయణపేట జిల్లా మక్తల్ ప్రాంతపు పల్లెలవారు. లారీలపై డ్రైవర్లుగా, క్లీనర్లుగా పనిచేయువారు. ఆ పల్లెలకు కెమెరాలు పోయినవి. తల్లుల నోటియొద్ద మైకులు పెట్టి, ‘మీ కొడుకును ఏమి చేయవలెను?’ అని అడిగినవి. ఉరుము ఉరిమి మంగలముమీద పడినట్లు, లారీ పని చేయు ప్రతి పాలమూరు కుర్రవాడును కొన్నాళ్లు అనుమానాస్పదుడైనాడు. ఫిర్యాదు తీసికొనుటలో జాగు జరిగినందుకు ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండైరి. ఆ వార్త రెండు మూడు దినములు వెలిగి, మరల ఆరిపోయినది. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున ఆ నలుగురును చటాన్‌పల్లివద్ద పోలీసుల కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. తెరలమీద ‘తక్షణ న్యాయము’ అను మాట మెరసినది.

సుప్రీంకోర్టు ఆరు దినములకే, డిసెంబరు 12న, న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చినది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనను తలంపుతోనే కాల్చిరనియు, పదిమంది అధికారులపై హత్యానేరము విచారింపవలెననియు ఆ సంఘము అభిప్రాయపడెను. వ్యవహారము తరువాత తెలంగాణ హైకోర్టునకు చేరినది. ఆ నివేదికలో మమ్ములను ఎక్కువగా కలచివేసినది మరొక సంగతి. నలుగురిలో ముగ్గురు ఆనాటికి పదునెనిమిది యేండ్లు నిండనివారని సంఘము నిర్ణయించెను. పోలీసులు ఇరువది యేండ్లని చెప్పిరి, వార్తలును ఇరువది యేండ్లనియే చాటినవి. మరణించిన పిమ్మట కుటుంబములవారు, మా పిల్లలు చిన్నవారని మొరపెట్టుకొనిరి. సర్కారు బడిలో చేరిక పుస్తకమొకటి ఉండును. పుట్టిన తేదీ అందులో వ్రాసియుండును. ఆ పల్లెలకు వెళ్లిన వాహనములు ఆ బడి ముందునుండియే వెళ్లినవి. నిందితులు నేరము చేసిరా లేదా అనునది న్యాయస్థానము తేల్చవలసిన విషయము. అది ఇక ఎన్నడును తేలదు. కాని వయస్సు తెలిసికొనుటకు న్యాయస్థానము అక్కరలేదు.

ఇట్లు, ఒక అంచున వార్త రాకుండుటచే బావి నాలుగేండ్లు మూగయైనది. మరియొక అంచున వార్త మితిమీరుటచే విచారణయే లేకుండ పోయినది. రెండును ఒక మూడు గంటల ప్రయాణములోపలి దూరమున, ఒక సంవత్సరములోపల బయటపడినవి.

ఈ మితిమీరిన వార్తలు మన ఇంటి జాగ్రత్తలను కూడ తప్పుదారి పట్టించుచున్నవి. దేశములో 2019లో నమోదైన అత్యాచార కేసులు 32 వేలకు పైబడినవి. వానిలో తొంబదిశాతమునకు మించిన కేసులలో నిందితుడు బాధితురాలు ఎరిగినవాడే. చుట్టమో, పొరుగువాడో, పెండ్లి చేసికొందునని నమ్మబలికినవాడో. రహదారిమీది అపరిచితుడు అరుదు. కాని తెరమీద నిత్యము కనబడువాడు అతడే. అందుచే తల్లిదండ్రులు రాత్రి ప్రయాణమును మాన్పింతురు, కొందరు చదువునే మాన్పింతురు. ఇంటికి వచ్చిపోవు మనిషిని గూర్చి పిల్ల ఏమైన చెప్పబోయినచో వినరు.

చట్టమున్నదా యన్నచో ఉన్నది. అత్యాచార బాధితురాలి గుర్తింపును వెల్లడించుట పూర్వము భారత శిక్షాస్మృతి 228ఎ సెక్షను క్రింద నేరము. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత 72వ సెక్షనులో ఆ నిబంధన కలదు. పిల్లల విషయమున పోక్సో చట్టపు 23వ సెక్షను ఇంకను కఠినమైనది. మరణించిన బాధితురాలి పేరు సైతము వెల్లడింపరాదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే చెప్పెను. ఏడాది తిరుగకముందే వైద్యురాలి అసలు పేరును, ఛాయాచిత్రమును దేశమంతట ప్రాకిపోయిన తరువాత, ‘దిశ’ అను మారుపేరు పెట్టవలసివచ్చినది. హాజీపూర్ పిల్లల చిత్రములు ఫ్లెక్సీలమీద నిలిచినవి. పోలీసులు విలేఖరులకు ఏమి చెప్పవలెను, ఏమి చెప్పరాదు అనుదానిపై నియమావళి సిద్ధము చేయుమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించెను. ముసుగు వేసిన నిందితులను వరుసగా నిలిపి, బల్లపై కత్తులు, ఫోనులు పరచి చూపు పద్ధతి మాన్పవలెనన్న అట్టి నియమము అవసరమే.

ఈ ప్రాంతమున పత్రికలు ఇంకొక కాలమును కూడ చూచినవి. 1922లో షబ్నవీసు వేంకటరామ నరసింహారావు గారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిన దినములలో గడీలో జరిగినది వ్రాయవలెనన్న గుండె కావలెను. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ తన వ్రాతలకే హైదరాబాదు వీథిలో ప్రాణము లర్పించెను. ఆనాడు ఏది అచ్చుకాకూడదో సర్కారు నిర్ణయించెడిది. నేడు అట్టి శాసనము లేకయే ఆసిఫాబాదు స్త్రీ వార్త వెనుకబడినది.

రేడియోను గూర్చి చెప్పకున్నచో మాకు మేము మినహాయింపు ఇచ్చుకొన్నట్లగును. రేడియోకు తెర లేదు. నరుకుచున్న దృశ్యమును చూపుట మా చేతకాని పని. పది నిమిషముల ప్రాంతీయ వార్తలలో వానలు, ధరలు, శాసనసభ పోగా నేరమునకు మిగులునది కొన్ని క్షణములే. మేము సంచలనము చేయమని గొప్ప చెప్పుకొనుట సులభము. అందులో సగము మా నియమము, సగము మా సమయాభావము. మనదేశములో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు స్వంత వార్తలు చెప్పు అనుమతి లేదు గనుక, రేడియోలో వార్త వినవలెనన్న ఆకాశవాణియే శరణ్యము. అట్టి చోట చెప్పకుండ విడిచినది ఇంకెక్కడను వినబడదు. మౌనమునకు మర్యాద యను పేరు పెట్టి ఊరకుండుట హాజీపూర్ తరువాత మాకు సాధ్యము కాదు.

వార్తలకంటె చప్పనైన ప్రకటన యొకటి రేడియోలో చాలకాలముగా ఉన్నది. తప్పిపోయినవారిని గూర్చి పోలీసులు పంపునది. వయస్సు ఇంత, ఎత్తు ఇంత, చామనచాయ, నీలిరంగు పావడ, తెలుగు మాటలాడును, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషనునకు తెలుపగలరు. అందులో కథ లేదు, ప్రియుడు లేడు, సూపు లేదు. వినువారు ఆ సమయమున గొంతు తగ్గించి వంటింటిలోనికి పోవుట మేము ఎరుగుదుము. 2015 ఏప్రిల్‌లో ఇల్లు చేరని పదకొండేండ్ల పిల్లకు కావలసినది అట్టి నాలుగు వాక్యములు, ఒక్కమారు గాక పలుమార్లు.

దానికి ముందు స్టేషనులో కాగితము పుట్టవలెను. ఈ విషయములో చట్టము తల్లిదండ్రుల పక్షముననే యున్నది. పిల్ల తప్పిపోయినట్లు ఫిర్యాదు వచ్చినచో తప్పక ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలెననియు, ఎవరో ఎత్తుకొనిపోయినట్లే మొదట భావించి వెదకవలెననియు సుప్రీంకోర్టు 2013 మే 10వ తేదీన ఆదేశించినది. ఇరువదినాలుగు గంటలు ఆగిరమ్మను మాటకు చట్టములో చోటు లేదు. ఊరు ఏ స్టేషను క్రింద వచ్చునను తగవుతో కూడ పనిలేదు, జీరో ఎఫ్.ఐ.ఆర్. ఎక్కడనైనను వ్రాయించుకొనవచ్చును. పిల్లల సహాయమునకు 1098 అను నంబరునకు రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును, రుసుము లేదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదుదారునకు ఉచితముగా ఇయ్యవలెను. దానిని అడిగి తీసికొని, మండల విలేఖరికిని, రేడియో కేంద్రమునకును పంపుడు.